పురపాలనము – పురజనులు

నగర శబ్దము నుండి నాగరక శబ్దము పుట్టినది. సంస్కృతమున నాగరకు డనగా చతురుడు, మర్యాద లెఱిగినవాడు. మన తెలుగున నాగరికత యను మాటకు మనుష్యజాతి సాధించిన అభ్యున్నతి యంతయు నను నర్థము స్థిరపడినది. అట్లే పురము నుండి పౌరుడు పుట్టెను. కాని పురమున నివసించువా రందఱును పౌరులేనా యను ప్రశ్నకు శబ్దశాస్త్రము సమాధానము చెప్పదు, చరిత్ర చెప్పవలెను. ఇది పండితుల కాలక్షేపమునకై పుట్టిన ప్రశ్న కాదు. 1901 నాటి జనాభా లెక్కలలో ఈ దేశమున పట్టణవాసులు నూటికి 11 మంది మాత్రమే. 1951 నాటికి వారు నూటికి 17 మంది యైరి. 2011 లెక్కలలో నూటికి 31 మంది, అనగా 37 కోట్లకు పైబడిన జనము, పట్టణములలో నుండిరి. అందులో ఆఱున్నర కోట్లమంది మురికివాడలలో నుండిరి. ఇంత జనము ఒకచోట చేరి బ్రతుకుచున్నప్పుడు, ఆ చోటును గూర్చి నిర్ణయించు అధికారము ఎవరి చేతిలో నుండెను, ఎట్లు మాఱెను అని విచారించుట చరిత్ర చదువుకొనువారి విధి యని మా యభిప్రాయము.

మన పూర్వులకు పురపాలనము తెలియదనుట పొరపాటు. కౌటిల్యుని అర్థశాస్త్రమున నాగరకు డను పేరనే యొక అధికారి కలడు. అతని క్రింద స్థానికులు, వారి క్రింద గోపులు. ఒక్కొక్క గోపుడు పది, ఇరువది, లేక నలువది కుటుంబములను చూచుకొనుచు, ఆ యిండ్లలోని స్త్రీపురుషుల సంఖ్యయు, జాతి గోత్రములును, వృత్తులును, ఆదాయవ్యయములును ఎఱిగి యుండవలెను. వీథిలో దుమ్ము పోసినవానికి పణములో ఎనిమిదవ పాలు దండనము. బురదనీరు నిలువజేసినవానికి పావు పణము. రాజమార్గమున ఈ తప్పు చేసినచో రెట్టింపు. అగ్నిభయమునకై ప్రతి గృహస్థుడును నీటికుండలు, నిచ్చెన, గొడ్డలి మొదలగునవి సిద్ధముగా నుంచుకొనవలెను. గ్రీకు రాయబారి మెగస్తనీసు పాటలీపుత్రమును ఐదుగురేసి సభ్యులు గల ఆఱు సంఘములు పాలించుచుండెనని వ్రాసెను. ఇవి చదువుచున్న కొలది మనకు గర్వము కలుగును. సభావేదికలపై మన వక్తలు ఈ భాగమును చదివి కరతాళధ్వనుల నడుమ కూర్చుందురు. అదే గ్రంథమున, కోటలోపలి పురమును విభజించు ప్రకరణమున, ఏ దిక్కున ఏ వర్ణమువా రుండవలెనో విధించి, చండాలురకు శ్మశానము చెంత నివాసము నిర్ణయించిన సంగతిని మాత్రము వారు చదువరు. పురమున ఎవరెవరు కలరో గోపుని పట్టిక యెఱుగును. వారేమి కోరుదురో అది యెఱుగదు. ఆ పాలనము రాజుకొఱకు జరిగిన పాలనము. అందు శుభ్రత యుండెను, భద్రత యుండెను, ప్రజల మాట లేదు.

ప్రజల మాట యను భావము మన దేశమున మొదట పన్ను చాటున ప్రవేశించినది. 1686 ప్రాంతమున చెన్నపట్టణమున ఈస్టిండియా కంపెనీవారు ఇంటిపన్ను వేయబోగా, జనులు అంగళ్లు మూసి, పనులు మాని ఎదిరించిరి. లండనులో కంపెనీ వ్యవహారములను నడపుచుండిన జోషియా చైల్డు అనువాడు మిక్కిలి లౌక్యుడు. కోటలోని దొర విధించిన చిన్న పన్నుకంటె, తమలో తామే విధించుకొనిన పెద్ద పన్నును జనులు సంతోషముగా చెల్లింతురని అతడు తలచెను. తత్ఫలితముగా 1687 డిసెంబరు 30 వ తేదీన అనుమతిపత్రము వెలువడి, 1688 సెప్టెంబరు 29 న మద్రాసు కార్పొరేషను ప్రారంభమైనది. మేయరు ఒకడు, ఆల్డర్మెను పండ్రెండుగురు. వారిలో ఇంగ్లీషువారే కాక పోర్చుగీసువారును, యూదులును, హిందువులును ఉండిరి. హిందువులలో చిన్న వెంకటాద్రి యను వర్తకు డొకడు. ఆశించిన పన్ను మాత్రము వసూలు కాలేదు. ప్రజలు ఆ లౌక్యమును గ్రహించి రనుకొనుటలో తప్పులేదు. అయినను చైల్డు పలికినదానిలో ఒక సత్యము కలదు: పన్ను వేయువాడు వేఱు, కట్టువాడు వేఱు అయినంతకాలము పురమునకును పౌరునకును సంబంధము కుదురదు. అతడు ఆ సత్యమును వసూళ్లకొఱకు వాడుకొనదలచెను, అంతియే.

తరువాతి రెండువందల యేండ్ల చరిత్రయు ఈ బేరముతోనే నిండియున్నది. పురజనులు కోరినచోట పురపాలక సంఘము నేర్పఱుపవచ్చునని 1850 లో 26 వ చట్టము పుట్టెను. మన తీరమున ఒలందా వర్తకుల కాలమునుండి రేవుపట్టణముగా నుండిన భీమునిపట్టణమున 1861 లో మునిసిపాలిటీ యేర్పడినది. ఆంధ్రదేశపు పురపాలక సంఘములలో అది తొలివాటిలోనిది. 1865 లోను, 1871 లోను మద్రాసు ప్రభుత్వము వేఱు చట్టములు చేసెను. ఇవి వెలసిన కాలమును గమనింపవలెను. 1857 నాటి తిరుగుబాటు వలన ప్రభుత్వమునకు అప్పు పెరిగియున్నది. రోడ్లు, ఆస్పత్రులు, వీథిదీపములు, పట్టణములందలి పోలీసుల జీతములు, ఈ ఖర్చును పురజనుల నెత్తిన మోపుటకు సంఘములు అక్కఱకు వచ్చెను. అధ్యక్షుడు కలెక్టరు, సభ్యులలో పలువురు అతడు నియమించినవారు. స్వపరిపాలన మని పేరు, చందా వసూలు అని పని.

1882 మే 18 వ తేదీన రిప్పను ప్రభువు ప్రకటించిన తీర్మానము ఈ పద్ధతిని మార్ప నుద్దేశించినది. పాలనము చక్కబడుటకు కాదు, ప్రజలకు రాజకీయవిద్య అలవడుటకు స్థానిక సంఘములు కావలెనని ఆయన స్పష్టముగా చెప్పెను; సభ్యులలో అనధికారులు ఎక్కువగా నుండవలెననియు, వీలయినచోట ఎన్నికలు జరుపవలెననియు, పోలీసు ఖర్చునుండి పురములను విముక్తము చేయవలెననియు సూచించెను. మన పెద్దలు ఆయనను ‘రిప్పను మహాశయు’ డని పూజించిరి. చెన్నపట్టణపు కార్పొరేషను భవనమునకు ఆయన పేరే పెట్టిరి. ఆ పూజ అర్హమైనదే. కాని ఆ తీర్మానము ప్రకారము ఓటు వచ్చినది ఎవరికి? ఇల్లో, భూమియో గలిగి నిర్ణీతమైన పన్ను కట్టువారికి. వకీళ్లు, వర్తకులు, భూస్వాములు సభ్యులైరి. అద్దె గదిలో నున్న కూలివానికి ఓటు లేదు. ఊరి మలమును తలపై మోసి యవతల పాఱవేసిన పాకీవానికి అసలే లేదు. కొన్ని రాష్ట్రముల పురపాలక చట్టములలో నోటీసు ఈయక పని మానిన పాకీవారిని శిక్షించు నిబంధన మాత్ర ముండెను. ఒకనిని ఊరి సేవకు చట్టముచే కట్టివేసి, ఊరి సభకు అనర్హునిగా నుంచుట యందలి వైరుధ్యము ఆనాటి విద్యావంతులకు విపరీతముగా తోచలేదు. మాకు ఆశ్చర్యము కలిగించునది ఇదియే.

ఇక మన ఆంధ్రదేశమున జరిగిన యొక గొప్ప ఉదంతమును కొంత విపులముగా చెప్పవలసియున్నది. దీనిని స్వాతంత్ర్యోద్యమ కథలలో ఒక ఘట్టముగా మాత్రమే చెప్పుట మనకు అలవాటైనది. మేము దానిని పురపాలన చరిత్రలో నుంచి చూడ కోరుచున్నాము.

చీరాల, పేరాల అనునవి అప్పటి గుంటూరు జిల్లాలోని రెండు ఊళ్లు. ఇప్పుడు చీరాల బాపట్ల జిల్లాలోనిది. జనసంఖ్య రెంటికిని కలిపి సుమారు 15,000. నేతగాండ్రును, చిన్న రైతులును, చిల్లర వర్తకులును వారిలో ఎక్కువ. చుట్టుప్రక్కల పేటలతో కలిసి ఇవి ఒక యూనియనుగా నుండి, ఏటేట సుమారు 4,000 రూపాయల పన్ను చెల్లించుచుండెను. 1919 లో ప్రభుత్వము ఈ రెండూళ్లను వేఱుచేసి మునిసిపాలిటీగా మార్చెను. పన్ను ముప్పది నలువది వేలకు పెరుగునని లెక్క తేలెను. ఊరు పట్టణమైనదని గెజెటులో ప్రకటించినంత మాత్రమున మగ్గముపై నేత పెరుగునా? పెరుగదు. జనులు అర్జీలు పెట్టుకొనిరి, లాభము లేకపోయెను. ఎన్నికైన సభ్యులు తమ స్థానములు వదలుకొనిరి. ప్రభుత్వము జీతము పుచ్చుకొను అధికారిని నియమించి సంఘమును నడపెను. పురజనులు లేని పురపాలక సంఘము! పన్ను నిరాకరించినందుకు కొందఱు చెఱకు పోయిరి. వారిలో ఒక స్త్రీయు నుండెను.

అప్పుడు ముందుకు వచ్చినవాడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. ఎడింబరో విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రము చదివి వచ్చినవాడు. ఆనందకుమారస్వామితో కలిసి అభినయదర్పణమును ఇంగ్లీషులోనికి తెచ్చి 1917 లో ప్రకటించినవాడు. రామదండు అను స్వచ్ఛంద సేవకుల సేనను కూర్చినవాడు. ‘ఆంధ్రరత్న’ యను బిరుదునకు ఇంతకంటె తగినవారు అరుదు. 1921 మార్చి చివర బెజవాడలో అఖిలభారత కాంగ్రెసు సంఘము సమావేశమైనది. అనంతరము ఏప్రిలు 6 వ తేదీన గాంధీమహాత్ముడు చీరాలకు వచ్చెను. ఆయన రెండు మార్గములు చూపెను: పన్ను చెల్లింపక, వచ్చు కష్టములను హింస లేకుండ సహించుట యొకటి, మునిసిపాలిటీ ఎల్లలు దాటి వెడలిపోవుట రెండవది. చీరాలవారు రెండవ దానిని ఎన్నుకొనిరి.

పదునైదు వేలలో సుమారు పదమూడు వేలమంది ఇండ్లకు తాళములు వేసి, పొలిమేర దాటి, తాటాకు పాకలు వేసికొని కాపురముండిరి. అది వేసవి కాలము. కోస్తా తీరపు మే నెల ఎట్లుండునో చదువరులకు చెప్పనక్కఱ లేదు. పసిబిడ్డలతో, ముసలివారితో, మగ్గములతో ఆ పాకలలో దాదాపు పదునొకండు నెలలు గడపిరి. ఆ పాకల ఊరికి రామనగరమని పేరు. అక్కడ అన్ని కులములవారు ఎన్నుకొనిన ప్రతినిధులతో నొక సభ యేర్పడెను. తగవులు తీర్చుటకు మధ్యవర్తుల న్యాయస్థాన మేర్పడెను. ఈ సంగతిని మన చరిత్రకారులు ఒక వాక్యములో చెప్పి దాటిపోవుదురు. మాకు మాత్రము ఆ ఉదంతము నంతటిలోను ఇదియే ప్రధానముగా తోచుచున్నది. చట్టముచే మునిసిపాలిటీ యైన ఊరిలో జీతగాడు అధ్యక్షుడు, సభ్యులు శూన్యము. చట్టము దృష్టిలో వట్టి బీడుభూమి యైనచోట, పన్ను కట్టు యోగ్యత చూడక, కులము చూచి త్రోసివేయక, జనులందఱి ప్రతినిధులతో సభ. నిజమైన పురము ఏది?

మఱియొక సంగతి. ఈ మునిసిపాలిటీని రద్దు చేయ నిరాకరించినది కేవలము తెల్లదొరల ప్రభుత్వము కాదు. 1919 నాటి సంస్కరణల ప్రకారము స్థానిక స్వపరిపాలన శాఖ అప్పటికి ఎన్నికైన శాసనసభకు బాధ్యుడైన మంత్రి చేతికి వచ్చియుండెను. ఆ మంత్రి పానగల్లు రాజా, తెలుగువాడు, సమర్థుడు, బ్రాహ్మణేతరుల అభ్యుదయమునకై పాటుపడినవాడు. ఆయన పక్షమున చెప్పదగినది లేకపోలేదు. పట్టణముగా పెరుగుచున్న చోట రోడ్లు, మంచినీరు, పారిశుద్ధ్యము కావలెను. వానికి ధనము కావలెను. పన్ను ఇష్టము లేదని ప్రతి యూరును పొలిమేర దాటినచో పాలనము ఎట్లు సాగును? ఈ వాదమును తేలికగా కొట్టివేయుట న్యాయము కాదు. కాని రోడ్డు వేయకముందే పన్ను వచ్చుటయు, పన్ను ఎంత యుండవలెనో నేతగానిని అడుగకుండుటయు ఆ వాదమున కెక్కడను సమాధానము దొరకని ప్రశ్నలు. స్వజాతివాడు మంత్రి యైనంత మాత్రమున పాలనము ప్రజలదగునను భ్రమ చీరాలలో మొదటిసారి తొలగిపోయినది. 1921 అక్టోబరులో గోపాలకృష్ణయ్య చెఱ కేగెను, ధనము కఱవయ్యెను, 1922 లో జనులు తమ యిండ్లకు మరలిరి. ఆయన 1928 లో, నలువదియేండ్లు నిండకమునుపే, మరణించెను.

అదే కాలమున నైజాము రాజ్యమున పురనిర్మాణము వేఱొక దారిని నడచినది. 1908 సెప్టెంబరు 28 న మూసీనది పొంగి హైదరాబాదులో వేలకొలది జనులను పొట్టనబెట్టుకొనెను. మరుసటి యేట మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించిరి. ఆయన సలహా ననుసరించి కట్టిన ఉస్మాన్ సాగరము 1920 లోను, హిమాయత్ సాగరము 1927 లోను పూర్తియైనవి. నగరాభివృద్ధి సంస్థ 1912 లో ఏర్పడి, ఇఱుకు బస్తీలను తొలగించి వెడల్పు వీథులు తీర్చెను, బీదలకు ఇండ్లును కట్టించెను. పనిలో ఇది గొప్పది. మన మునిసిపాలిటీలు కలలో నైనను తలపని పని. అయితే అంతయు పైనుండి వచ్చిన దయ. 1934 లో అక్కడ మొదటి పురపాలక ఎన్నికలు జరిగినవి. 1942 లో పాలనము చెడినదని కార్పొరేషను హోదాను తీసివేసిరి. ఇచ్చిన చేయి పుచ్చుకొనుట సులభమే కదా! 1950 లో గాని అది తిరిగి రాలేదు.

ఇక్కడ స్కాట్లండు దేశీయుడైన పాట్రిక్ గెడ్డిసును స్మరింపకుండ నుండలేము. ఆయన యిల్లు ఎడింబరో. గోపాలకృష్ణయ్య చదివినదియు అక్కడనే. ఇది యాదృచ్ఛికము. 1914 లో ఆయన ఈ దేశమునకు వచ్చి, మద్రాసు రాష్ట్రపు ఊళ్లును, సంస్థానముల ఊళ్లును కాలినడకను తిరిగెను. బొంబాయిలో ప్లేగు తరువాత 1898 లో ఏర్పడిన ఇంప్రూవుమెంటు ట్రస్టువంటి సంస్థలు బీదల ఇండ్లను మొత్తముగా కూల్చి తిన్నని వీథులు వేయుచుండెను. కూలిన యిండ్లవారు ప్రక్కవాడలో చేరి అక్కడి యిఱుకును ఇనుమడింప జేయుచుండిరి. గెడ్డిసు దీనిని నిరసించెను. శిథిలమైన ఒకటి రెండిండ్లు తీసివేసి గాలికి చోటిచ్చినచో, ఒక చెట్టు నాటినచో, తక్కిన వాడ బ్రతుకునని ఆయన మతము. 1917-18 ప్రాంతమున ఇందూరు సంస్థానమున ఆయన చేసిన పని మఱువరానిది. ప్లేగు బాధతో నున్న ఆ నగరమునకు ఒకదినమునకు తన్ను రాజును చేయుమని కోరి, దీపావళి ఊరేగింపు ఏ వీథులు ఎక్కువ శుభ్రముగా నుండునో ఆ వీథులవెంటనే పోవునని చాటించెను. నగరమంతయు చీపురు పట్టెను. ఊరేగింపులో పాకీవారు తెల్లని క్రొత్తబట్టలు కట్టి, పూలతో అలంకరించిన బండ్లతో నడచిరి. ప్లేగునకు గుఱుతుగా పెద్ద ఎలుక బొమ్మను తగులబెట్టిరి. పణములో ఎనిమిదవ పాలు దండనముచే కాని పని ఒక పండుగచే నయినది. ఒకదినపు గౌరవముతో పాకీవారి జీవితము మాఱలేదు, నిజమే. అయినను వారిని ఊరిలో భాగముగా ఊరంతయు కనులార చూచిన దినములు మన చరిత్రలో ఎన్ని కలవు?

స్వరాజ్యము వచ్చెను. రాజ్యాంగము వయసు వచ్చిన ప్రతి స్త్రీపురుషునకును ఓటిచ్చెను. ఓటు వచ్చినది గాని, పురములలో ఓటువేయు దినము రాకపోయెను. ఇది చాలమంది గమనింపని విషయము. 1688 లో పుట్టిన మద్రాసు కార్పొరేషను 1973 లో, కూలీల హాజరు పట్టీలలో అక్రమములు జరిగినవని రద్దయి, 1996 వఱకు ఎన్నికల ముఖము చూడలేదు. హైదరాబాదున 1986 లో ఎన్నికైన సభ కాలము 1991 లో ముగియగా, మరల ఎన్నికలు 2002 లో జరిగెను. ఆ మధ్యకాలమున స్పెషలాఫీసర్లు పాలించిరి. హాజరు పట్టీలు దొంగవైనచో దొంగలను శిక్షింపవలెను. లక్షలమంది పౌరుల ఓటును ఇరువదిమూడేండ్లు పెట్టెలో పెట్టుట ఏ న్యాయము? శాసనసభలో ఒకడు తప్పుచేసినచో శాసనసభను ఇరువదిమూడేండ్లు మూయుదుమా?

ఈ దుస్థితిని తొలగింప 1992 లో పార్లమెంటు ఆమోదించిన 74 వ రాజ్యాంగ సవరణము 1993 జూను 1 నుండి అమలులోనికి వచ్చెను. సభ గడువు తీఱకమునుపే ఎన్నికలు జరుపవలెను. రద్దుచేసినచో ఆఱు మాసములలో జరుపవలెను. స్థానములలో మూడవవంతు స్త్రీలకు, జనసంఖ్యను బట్టి షెడ్యూల్డు కులములకును తెగలకును. మూడు లక్షలు మించిన పురములలో వార్డు కమిటీలు. పండ్రెండవ షెడ్యూలులో పురముల కప్పగింపదగిన 18 పనులు. తెలుగు రాష్ట్రములు రెండును స్త్రీల స్థానములను సగమునకు పెంచినవి. 1882 తరువాత ఇంత గొప్ప పత్రము పురపాలన విషయమున వెలువడలేదు. ఐనను విశాఖపట్టణమున 2012 లో సభ గడువు తీఱగా, ఎన్నికలు 2021 మార్చిలో గాని జరుగలేదు. ఆఱు మాసము లెక్కడ, తొమ్మిదేండ్లెక్కడ? ఆ పదునెనిమిది పనులును ఈయవచ్చునని యున్నది గాని, ఈయవలెనని లేదు. హైదరాబాదున పురరచన 1975 నుండి నగరాభివృద్ధి సంస్థ చేతిలోను, నీరును మురుగును 1989 నుండి వేఱొక బోర్డు చేతిలోను పడెను. కుళాయి రాలేదని పురజనుడు తన వార్డు సభ్యుని అడిగినచో, అది నా పని కాదని అతడు చెప్పుట అబద్ధము కాదు. పాఠశాలలో పౌరనీతి చెప్పునప్పుడు పిల్లలు, మా వీథి కాలువ ఎవరిదండీ అని అడుగుదురు. పాఠ్యపుస్తకమున నున్న సమాధానము చెప్పుచునే, దాని ఎదుట మాకు కొంచెము తలవంపుగా నుండును.

సభలు నిద్రించుచున్నప్పుడు బీదలు న్యాయస్థానములకు పోయిరి. మధ్యప్రదేశములోని రత్లాము పట్టణమున మురుగుకంపు భరింపలేని వాడవారు దావా వేయగా, మునిసిపాలిటీ డబ్బు లేదని చెప్పెను. 1980 లో సుప్రీముకోర్టు, జస్టిస్ కృష్ణయ్యరు నోట, డబ్బు లేమి ప్రజలకు కనీసపు మర్యాదను నిరాకరించుటకు సాకు కానేరదని తీర్పు చెప్పెను. 1981 లో మహారాష్ట్ర ప్రభుత్వము బొంబాయి కాలిబాటలపై నివసించువారిని లేపి వారి స్వస్థలములకు పంపివేయ నిశ్చయించెను. ఓల్గా టెల్లిస్ అను పత్రికారచయిత్రియు, కొందఱు నిర్వాసితులును కోర్టు కెక్కిరి. 1985 నాటి తీర్పు మన పురచరిత్రలో ఒక మైలురాయి. జీవించు హక్కులో జీవనోపాధి హక్కు ఇమిడి యున్నదని అది ప్రకటించెను. కూలివాడు కాలిబాటపై పండుకొనుట సరదాకు కాదు, పని అక్కడ దొరకుటచేత అని న్యాయమూర్తులు గ్రహించిరి. కాని అదే తీర్పు నోటీసు ఇచ్చి వారిని తొలగింపవచ్చునని చెప్పెను. హక్కు పేదవానికి దక్కెను, కాలిబాట దక్కలేదు. వీథివర్తకుల విషయమున 2014 నాటి చట్టము ఒక అడుగు ముందుకు వేసెను: ప్రతి పట్టణమునను వర్తకసంఘమునందు నూటికి 40 స్థానములు బండివారికి, బుట్టవారికి, వారు తామే ఎన్నుకొనిన వారికి. పాకీపనిని నిషేధించుచు 1993 లోను, 2013 లోను చట్టములు వచ్చెను. అటుపిమ్మటను మురుగుగొట్టములలో దిగి ఊపిరాడక మరణించినవారి వార్తలు ఆగలేదు.

‘వేలమంది చదువురానివారిని కూర్చుండబెట్టి నగరమునకు పటము గీయుదుమా? ఇంజనీరు కెఱుకలేనిది బస్తీవాని కెట్లు తెలియును?’ అని మా మిత్రు లొకరు తఱచు వాదింతురు. నీటిగొట్టపు కొలత ఇంజనీరే తేల్చవలెను, మేము కాదనము. కాని ఆ గొట్టము మొదట ఏ వీథికి పోవలెననునది కొలబద్దతో తేలునది కాదు. కేరళదేశమున అలెప్పీ పట్టణమున 1990 తరువాతి తొలి సంవత్సరములలో బీదస్త్రీలు ఇరుగుపొరుగు సంఘములుగా నేర్పడి, ఊరిలో నిజముగా బీదవారెవరో తామే నిర్ణయించిరి. ఆదాయపు లెక్కలు అడుగక, మరుగుదొడ్డి కలదా, దగ్గఱ మంచినీరు కలదా, ఇంట చదువురాని పెద్దవా రెవరైన కలరా మొదలగు తొమ్మిది గుఱుతులు పెట్టుకొనిరి. 1998 లో ఆ రాష్ట్రమంతట ‘కుటుంబశ్రీ’ అను పేర వ్యాపించినది ఈ పద్ధతియే. గోపుని పట్టికను తలచుకొనుడు. అప్పుడు లెక్కింపబడినవారే ఇప్పుడు లెక్కించిరి. భేదమంతయు ఇక్కడ నున్నది. మన హైదరాబాదునను 1967 లో నగర సముదాయ వికాస పథకము మొదలై, బస్తీవారు తమ స్థలముల పట్టాలు పొంది, కొంత తమ ధనముతో, కొంత బ్యాంకి అప్పుతో ఇండ్లు కట్టుకొనిరి. ఆ పథకమును గూర్చి నగరవాసులకే తెలియకపోవుట వింత.

కడపట ఒక లెక్క. 2011 జనాభా లెక్కలలో ఈ దేశమున 7,935 పట్టణములు తేలెను. అందులో 3,894 లెక్కకు మాత్రమే పట్టణములు. జనము, జనసాంద్రత, వ్యవసాయేతర వృత్తులు పట్టణమునకు తగినట్లున్నవి. చట్టము దృష్టిలో అవి గ్రామములు, వానిని పాలించునది పంచాయతీ. వానికి మురుగుకాలువలు కావలెను, పురరచన కావలెను. వానిని మునిసిపాలిటీలుగా చేయబోయినచోట తఱచు గ్రామస్థులే ఎదిరించిరి. ఇంటిపన్ను పెరుగును, 2005 నాటి గ్రామీణ ఉపాధిహామీ చట్టము పట్టణములకు వర్తింపలేదు గనుక, ఆ కూలిపనియు పోయెడిది. ఆ గ్రామస్థుల అర్జీలలోని కారణములు 1919 లో చీరాలవారు వ్రాసికొనిన కారణములకు మిక్కిలి దగ్గఱివి. అధికారుల సమాధానములును అంతియే.